నేల లేని గోడ

పాతికేళ్ళ కిందట నరసన్నపేట నుంచి జాతీయ రహదారి మీద ఎటు పోయినా రాజకుమారి చెయ్యి పడని గోడ కనబడేది కాదు. రైసు మిల్లుల పేర్లు, ఎరువుల కొట్ల బోర్డులు, ఎన్నికల గుర్తులు, బడిగోడల మీద ఎక్కాలు, ఆఖరికి బస్టాండు వెనక ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అన్న హెచ్చరిక కూడా ఆవిడ రాసిందే. ఆ హెచ్చరికని ఒక్కడూ లెక్కచేసిన పాపాన పోలేదు గానీ, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. అన్నిటి కిందా ఓ మూలన చిన్నగా ‘రాజ్ ఆర్ట్స్’ అని ఉండేది. ఆ రాజ్ ఎవరో మగవాడనే లోకం అనుకునేది. పని చెప్పడానికొచ్చిన వాళ్ళు వాకిట్లో నిలబడి “రాజ్ గారున్నారా?” అనడిగితే, తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చి, “నానే రాజ్‌ని. ఏటి రాయాలి?” అనేది. సగంమంది నమ్మేవారు కాదు. వాళ్ళతో ఆవిడ వాదించేది కాదు. సుద్దముక్క తీసుకుని వాళ్ళ పేరే వాకిట్లో రాసి చూపించేది.

చదివింది ఏడో తరగతి. బొమ్మలెవరూ నేర్పలేదు. భర్త దేవేంద్ర పెయింటరు. ఆయన అక్షరానికి గీత గీసి పోతే, మధ్యలో రంగు నింపడం ఈవిడ పని. నింపగా నింపగా ఏ గీత వంకరో తెలిసిపోయింది. ఓ రోజు ఆయన జ్వరంతో పడుకుంటే గీత కూడా తనే గీసేసింది. ఆ మర్నాటి నుంచి రంగు నింపడం దేవేంద్ర పనయింది. ఆయన దానికి నొచ్చుకోలేదు సరికదా, మా ఆవిడ రాస్తుంది, నేను నింపుతాను అని టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మొగుణ్ణి నేనింతవరకూ రెండోవాణ్ణి చూడలేదు.

రాజకుమారికి ఒక పట్టుదల ఉంది. తెలియనిది గోడ మీద వెయ్యదు. పశువుల ఆసుపత్రి గోడకి ఆవు బొమ్మ కావాలంటే, పెరట్లో ఆవున్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, దాని పక్కన కూర్చుని చూసొచ్చింది. అంతకుముందు అదే గోడ మీద ఎవరో వేసిన ఆవుకి పొదుగు దగ్గర లెక్క తప్పిందట, రైతులు ఏడాదిపాటు నవ్వుకున్నారు. ట్రాక్టరు కంపెనీవాడు అడిగితే ట్రాక్టరు కింద దూరి మరీ చూసింది. చూడనిది ఎలా వేస్తాం అనేది.

తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. వాటిని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పుట్టినరోజుకీ చావుకీ ఒకటే మొహం, ఒకటే నవ్వు, ఒకటే గులాబీరంగు. పొద్దున్న కంప్యూటర్ మీద నొక్కితే మధ్యాహ్నానికి గోడ మీద వేలాడుతుంది, మూడు నెలలకి ఎండకి వెలిసి పశువుల పాక మీద కప్పుగా మారుతుంది. ఆ దెబ్బకి దేవేంద్ర విశాఖపట్నంలో ఓ అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు. రాజకుమారి మాత్రం కుంచె వదల్లేదు. దొరికిన పనల్లా చేసుకుంటూ నరసన్నపేటలోనే ఉండిపోయింది. ఈ మధ్య దేవేంద్రే ఫోన్లో మెల్లగా అన్నాడు, ఏడో అంతస్తులో ఓ పెద్దావిడకి తోడుగా మనిషి కావాలట, నువ్వొస్తే ఇద్దరం ఒకచోట ఉండొచ్చని. రాజకుమారి మాటిచ్చింది. “బడిలో గోడొకటి ఒప్పుకున్నానయ్యా. అది నిలబడితే ఇక్కడుంటాను. అది కూడా ఫ్లెక్స్ పాలైపోతే కుంచెలు మూటగట్టీసి వచ్చీస్తాను.”

ఆ బడి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. జూన్‌లో బడులు తెరిచే సోమవారం నాడు జిల్లా నుంచి అధికారులు వస్తారని, ఈలోగా సైన్సు గదికి కొత్త ముస్తాబు చేయాలని హెడ్మాస్టరు జగన్నాధం తలపెట్టాడు. జగన్నాధం చెడ్డవాడేం కాదు, తొందరమనిషి. ఫ్లెక్స్ అయితే గంటలో అయిపోతుంది కదా అని ఆయన వాదన. సైన్సు టీచరు చూడామణి ఒప్పుకోలేదు. ఆవిడది విజయనగరం, గుడిలో పాడే సంగీతం వాళ్ళ ఇంటి పిల్ల. మెత్తగా మాట్లాడుతుంది గానీ అనుకున్నది చేయించుకునేదాకా ఊరుకోదు. “ఒక్క గోడ చేతితో వేయిద్దాం మాస్టారూ. నచ్చితే మిగతా మూడు గదులూ, ప్రహరీ గోడా ఆవిడకే ఇవ్వండి. నచ్చకపోతే మీ ఇష్టం” అంది.

రాజకుమారి వచ్చి గోడ చూసుకుంది. గుమ్మానికి ఎదురుగా పద్దెనిమిది అడుగుల గోడ.

“ఏటెయ్యాలి టీచరమ్మా?”

“ఒక గ్రహం. మన సూర్యుడి చుట్టూ తిరిగేది కాదు, వేరే నక్షత్రం చుట్టూ తిరిగేది. దూరం నుంచి గుండ్రంగా ఉన్న బొమ్మ పుస్తకంలో ఉంది, అది వద్దు. దాని లోపలికి వెళ్ళి నిలబడితే ఎలా ఉంటుందో అది కావాలి.”

“దాని పేరేటి?”

చూడామణి కాగితం మీద రాసి చూపించింది. కొన్ని అక్షరాలూ, ఓ ఆరంకెల నంబరూ, చివర ఇంకో అక్షరం.

“ఇది బండి నంబరు కాదేటి?” అంది రాజకుమారి. “పాపం, పేరైనా ఎట్టనేదు. పోనీ, ఎవరు సూసొచ్చారు?”

“ఎవరూ చూడలేదు. అక్కణ్ణుంచి వెలుగు రావడానికే అరవై నాలుగేళ్ళు పడుతుంది. ఆ వెలుగుని పట్టుకుని లెక్కలు కట్టి, ఇలా ఉండొచ్చని ఊహించారు.”

“అంటే ఇవాళొచ్చింది మాయమ్మ పెళ్ళినాటి ఎలుగన్నమాట.” రాజకుమారి నేల మీద చతికిలబడింది. “కూకో టీచరమ్మా. మొత్తం సెప్పు. నాకు తెలీకుండా వెయ్యను.”

చూడామణి చెప్పింది. అది తన సూర్యుడికి మరీ దగ్గరగా తిరుగుతుందనీ, అందుకని దాని ఏడాది మన రెండు రోజుల పైచిలుకే అనీ, ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే అయి ఉంటుందనీ చెప్పింది.

“రెండు రోజులకోపాలి ఉగాదా? పచ్చడి సేసి సేసి సచ్చిపోతాం” అంది రాజకుమారి.

వేడి వెయ్యి డిగ్రీల దాకా ఉంటుందట. మబ్బుల్లో నీళ్ళు ఉండవట, ఇసక కరిగి గాజు తుంపరలుగా తేలుతుంటుందట. దూరానికి నీలంగా కనబడేది సముద్రం వల్ల కాదు, బహుశా ఆ గాజు పొగ వల్లేనట. ఇక గాలి. తిత్లీ తుఫాను గుర్తుందా అని అడిగింది చూడామణి. గుర్తులేకేం. ఆ తెల్లవారుజామున రాజకుమారి పలాస దగ్గర చెల్లెలింట్లో ఉంది. వాన పైనుంచి పడకపోవడం ఆవిడ మొదటిసారి చూసింది అప్పుడే. కిటికీలోంచి అడ్డంగా వచ్చి ఎదుటి గోడని కొట్టింది. కొబ్బరిచెట్ల తలలన్నీ ఒకే వైపు దువ్వినట్టు అయిపోయాయి.

“ఆ గాలికి యాభై రెట్లు వెయ్యండి. అందులో గాజు వాన. పైనుంచి కిందకి కాదు, పక్కలకి” అంది చూడామణి.

రాజకుమారి కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత లేచి కొంగు బిగించింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. గోడలు రాసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు. ఏ గోడకైనా మొదట దారం కొట్టాలి. సుద్దపొడి పట్టించిన దారాన్ని అడుగున ఈ చివరినుంచి ఆ చివరికి బిగించి పట్టుకుని, నడుమ వేళ్ళతో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. అక్షరాలైనా, ఆవైనా, దేవుడైనా ఆ గీత మీదే నిలబడాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చెయ్యి దణ్ణం పెట్టడం, దారం కొట్టడం ఒక్క ఊపులో చేస్తోంది. ఆ రోజూ అలాగే బడి ఆయా కూర్మమ్మని పిలిచి దారం రెండో కొస పట్టుకోమంది, లాగి వదిలింది. గీత పడింది. గీత పడ్డాక దాని కింద ఉన్నది నేల కాక ఏమవుతుంది?

మూడు రోజులు వేసింది. నీలిరంగు కొండలు, పగిలిన రాళ్ళు, రాళ్ళ మీదుగా ఈడ్చుకుపోతున్న మబ్బులు, అడ్డంగా మెరిసే గాజు వాన. గురువారం సాయంత్రం జగన్నాధం వచ్చి చూసి, చేతిలో ఉన్న తాళాలు బల్ల మీద పెట్టి మరీ ఫొటో తీసుకున్నాడు.

“అద్భుతం! ఇంకేం ముట్టుకోకమ్మా. అయిపోయింది” అని వెళ్ళిపోయాడు.

చూడామణి బాగుందని తల ఊపింది గానీ, కళ్ళు రాళ్ళ మీదే ఉన్నాయి. మనుషుల మొహాలు చదవడం రాజకుమారికి అక్షరాలు చదవడం కన్నా తేలిక.

“తప్పేటైనా ఉన్నాదా?”

“తప్పు నాది రాజకుమారీ. నేను చెప్పడం మరిచిపోయాను.” చూడామణి గొంతు తగ్గించింది. “అక్కడ నేల లేదు.”

“నేదంటే?”

“అదంతా గాలే. దిగుతూ పోతే గాలి చిక్కబడుతుంది, వేడెక్కుతుంది, బరువు పెరుగుతుంది. ఎక్కడో లోపల గాలే నీళ్ళలా అయిపోతుంది. కానీ ఇదిగో ఇక్కడ కాలు మోపొచ్చు అని చెప్పే చోటు ఉండదు.”

“పడితే?”

“పడుతూనే ఉంటాం. నలిగి, ఆవిరైపోయేదాకా.” వెంటనే చూడామణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “పోనీలెండి. మాస్టారు ఒప్పుకున్నారు. మీ పని నిలబడింది. ఇంకెవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసిపోనాది కదా” అంది రాజకుమారి.

నిజానికి చూడామణి చెప్పకుండా ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. జగన్నాధానికి నచ్చింది, అధికారులకి నచ్చేది, మూడు గదులూ చేతిలో పడేవి. ఒప్పుకున్న గోడని చేజేతులా తుడిచేసుకునేవాళ్ళు ఎవరుంటారు? నేనైతే తుడవను, ఒట్టు.

శుక్రవారం రాజకుమారి బడికి వెళ్ళలేదు. పొద్దున్నే చోడి అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. నేల లేకుండా బొమ్మ ఎలా వేస్తారు? ముప్ఫై ఏళ్ళలో ఒక్క బొమ్మయినా గాల్లో వేసిందా? పక్షిని వేసినా కింద ఓ చెట్టుకొమ్మ వేసింది. గంట గడిచింది. అంబలి తేరుకుంది. గిన్నెలో పైన తేట, అడుగున చిక్కదనం. గరిటె పెట్టబోయి ఆగి, గిన్నె దగ్గరగా తీసుకుని చూసింది. తేట ఎక్కడ అయిపోయిందో, చిక్కదనం ఎక్కడ మొదలైందో చెప్పలేకపోయింది. పైది పైనే ఉంది, కిందది కిందే ఉంది, మధ్యలో మాత్రం గీత లేదు. ఆవిడ ఆకలితోనే లేచి వెళ్ళి రంగుడబ్బాలు లెక్కచూసుకుంది.

శనివారం పొద్దున్న తెల్లరంగు డబ్బా తీసుకుని, మూడు రోజుల పని మీద పూసేసింది.

జగన్నాధం వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఏం చేశావమ్మా? బుద్ధుందా నీకు?”

“తప్పు పడింది మాస్టారూ. అక్కడ నేల నేదట.”

“ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? నువ్వెళ్ళి చూశావా? వచ్చే ఆఫీసర్లు వెళ్ళి చూశారా?”

“సూడనేదు. అందుకే ఉన్నాదని సెప్పకూడదు. రేపొక్కరోజు ఇవ్వండి.”

“రేపూ లేదు, ఎల్లుండీ లేదు. సోమవారం తొమ్మిదింటికి ఫ్లెక్స్ వస్తుంది. మేకులు కొట్టేస్తారు. అంతే!” ఆయన అక్కడే ఫోను తీసి ఎవరికో పద్దెనిమిది అడుగుల కొలత చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆయన కోపంలో న్యాయం ఉంది. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

ఆ సాయంత్రం దేవేంద్ర ఫోను చేస్తే రాజకుమారి జరిగింది జరిగినట్టు చెప్పింది. “మరయితే సోమారం బస్సెక్కుతావేటే?” అనడిగాడు. “గోడ ఎండితే సెప్తాను” అంది.

గీత లేకుండా రంగు రంగులో కలవాలంటే తడి మీద తడి వెయ్యాలి. పై రంగు ఆరకముందే కింద రంగు వచ్చి అందుకోవాలి. కుంచె వెడల్పు మేర ఆరిపోయినా అక్కడ అంచు పడుతుంది, అంచు పడితే అది నేలే. జూన్ ఎండల్లో గోడ మీద రంగు వేసిన నిమిషానికే ఆరుతుంది. అందుకని ఆదివారం వెలుగు రాగానే రాజకుమారి బడికి చేరుకుని, గోనెసంచులు తడిపి కిటికీలకి కట్టింది. మందు కొట్టే కొత్త స్ప్రేయర్ ఒకటి ఓ రైతు దగ్గర అడిగి తెచ్చి నీళ్ళు నింపింది. గోడని తడుపుతూ ఉండే మనిషి కావాలి. కూర్మమ్మకి ఆదివారం సెలవు.

చూడామణి మొదటి బస్సుకే దిగింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్ప్రేయర్ వీపుకి తగిలించుకుని, “ఎక్కడ కొట్టాలి?” అంది. ఎమ్మెస్సీ చదివిన మనిషి, తరతరాలుగా గుడిలో పాడిన ఇంటి ఆడపిల్ల, మిరపచేలో మందుకొట్టినట్టు గోడకి నీళ్ళు కొడుతుంటే చూడడానికి నేనక్కడ లేనందుకు ఇప్పటికీ చింతిస్తున్నాను. పక్కన రాజకుమారి రెండు చేతులా రెండు కుంచెలతో ఈ చివరినుంచి ఆ చివరికి కదిలింది. దారం తియ్యలేదు. ఒక్కసారి మాత్రం అలవాటుగా చెయ్యి సంచిలోకి పోయింది, మళ్ళీ ఖాళీగా బయటికొచ్చింది.

పైన పాలిపోయిన నీలం. దాని కింద ముదురు నీలం. ఇంకా కిందకి పొగ కలిసిన నీలం, మట్టిరంగు, మట్టిరంగులోంచి ఎక్కడో లోతున కాగుతున్న మసక ఎరుపు. అడ్డంగా వెంట్రుకంత సన్నటి మెరుపులు, గాజు వానవి. పదిన్నరకల్లా గోడ అయిపోయింది. కానీ రాజకుమారి కుంచె దించలేదు. గోడ నేలని కలిసే చోట అంచు అలాగే ఉంది.

“ఇదీ గీతే కదా టీచరమ్మా” అంది.

మధ్యాహ్నం సిమెంటు తెచ్చి ఆ మూలని గుండ్రంగా మెత్తింది. అది గట్టిపడ్డాక గది గచ్చు మీదికి కూడా ఎరుపుని దించి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా పూసేసింది. పోను పోను ఎరుపు చీకటిగా మారింది. గచ్చుకి రంగు వెయ్యమని ఎవరూ అడగలేదు. అడిగితే ఎవరూ ఒప్పుకునేవారు కూడా కాదు.

బయటికొచ్చాక చూడామణి బాగుందని అనబోతే రాజకుమారి ఆపింది. “అనకు. నువ్వు ముందునుంచీ సూస్తన్నావు. ఏటీ తెలీనోల్లు సూడాలి.” బాగుందో పాడయిందో ఆవిడకే తెలియలేదు. ఇంటికెళ్ళి బట్టలు సంచిలో సర్దుకుంది.

సోమవారం ఎనిమిదింటికి రంగు ఆరిపోయింది. రాజకుమారి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి, చివరి మూలలో ఓ మరకని సరిచేస్తూ కూర్చుంది. తొమ్మిదింటికి ఆటో ఆగిన చప్పుడైంది. వరండాలో జగన్నాధం గొంతు వినబడింది. ఆయన వెనక ఇద్దరు ఫ్లెక్స్ చుట్టని భుజాన వేసుకుని, సుత్తీ మేకులూ పట్టుకొచ్చారు. ఒక్కసారి చూసి మాట్లాడండి మాస్టారూ అని చూడామణి బతిమాలుతోంది. చూసేదేం లేదంటున్నాడాయన.

అందరికన్నా ముందు గుమ్మం దగ్గరికొచ్చింది కూర్మమ్మ. ఏటేటా బడి తెరిచిన రోజు గదులు తుడిచేది ఆవిడే. గ్రహాల సంగతి ఆవిడకి తెలియదు, గోడ తుడిచేసిన సంగతీ తెలియదు. నీళ్ళ బకెట్టుతో గడప దాటబోయి ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. బకెట్టులో నీళ్ళు తొణికాయి. రెండో చేత్తో తలుపు గట్టిగా పట్టుకుంది.

“ఓలమ్మా! ఒలే రాజకుమారీ, కాలెక్కడెయ్యాలే?”

“గదిలోనే వెయ్యి, ఇంకెక్కడ” అంటూ జగన్నాధం ఆవిణ్ణి తప్పించుకుని ముందుకొచ్చాడు. వచ్చి, కిందకి చూసి, చటుక్కున కూర్మమ్మ భుజం పట్టుకున్నాడు. ఆయన ఎదురుగా రాజకుమారి ఏ ఆధారమూ లేకుండా ఆ లోతు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ కాసేపు అలా ఒకళ్ళనొకళ్ళు పట్టుకునే నిలబడ్డారు. సుత్తి పట్టుకున్నవాడు ఆయన భుజం మీదుగా తొంగిచూసి నోరు తెరిచాడు.

“ఆ చుట్ట వెనక్కి పట్టుకుపొండి” అన్నాడు జగన్నాధం. తల తిప్పలేదు. “చూడామణి గారూ, రెండో గది తాళం ఈవిడకిచ్చెయ్యండి.”

రాజకుమారి లేచింది. చేతులకి రంగు ఉంది, చెంగుకి తుడుచుకుంది. గుమ్మం దాకా నడిచొచ్చి, ఇంకా కాలు దించని కూర్మమ్మకి చెయ్యందించింది.

“దా అప్పా. నానున్నాను కదా, ఎయ్యి” అంది.